విదేశీ యుద్ధం నుంచి సైన్యాన్ని వెనక్కి పిలిస్తే సైనికులకి ఏమవుతుంది?

ట్రూప్స్ వచ్చేశాయంటే సైనికుడికి యుద్ధం అయిపోయినట్టేనా అంటే, కాగితం మీద అంతే, మనిషికి మాత్రం అంత ఈజీగా అయిపోదు. అమెరికానే తీసుకోండి, 2021 ఆగస్టు 30న ఆఖరి విమానం కాబూల్ నుంచి లేచింది, ఆఫ్ఘనిస్తాన్‌లో 20 ఏళ్ల యుద్ధం, 2,400 మందికి పైగా వాళ్ల సైనికులు చనిపోయారు, తీరా చూస్తే అప్పటికి రెండు వారాల ముందే తాలిబన్లు మళ్ళీ కాబూల్ పట్టేసుకున్నారు. మరి మావాళ్లు ఎందుకు పోయినట్టు అన్న ప్రశ్న చాలామంది మాజీ సైనికుల్ని తినేసింది. తమతో పనిచేసిన ఆఫ్ఘన్ ఇంటర్‌ప్రెటర్లు అక్కడే ఇరుక్కుపోతే వాళ్లని బయటికి తేవడానికి రాత్రింబవళ్లు ఫోన్లు పట్టుకుని కూర్చున్నది కూడా వీళ్లే.

ఇక ఒంటి సంగతి. బేస్‌లలో గుంటలు తవ్వి చెత్త తగలబెట్టేవాళ్లు, ఆ పొగ పీల్చినవాళ్లలో కొందరికి జబ్బులు ఏళ్ల తర్వాత బయటపడ్డాయి, పరిహారం సులువు చేసే పాక్ట్ చట్టం 2022లో గానీ రాలేదు (ఆలస్యం అనడం చాలా చిన్నమాట). మనసు సంగతికొస్తే, పీటీఎస్‌డీ (యుద్ధం లాంటి భయంకర అనుభవం తర్వాత మనిషిని వదలని మానసిక సమస్య) అన్న పేరు అమెరికా సైకియాట్రిస్టుల పుస్తకంలోకి ఎక్కిందే 1980లో, అంటే వియత్నాం నుంచి సైన్యం వచ్చేసిన ఏడేళ్లకి.

ఇంకోటి, వెనక్కి రావడం అంటే ఉద్యోగం అయిపోవడం కాదు, సర్వీసు మిగిలుంటే ఇంకో చోటికి పంపొచ్చు.