సమాధానం: మడమ తిప్పాడా, గిర్రున తిరిగాడా?

కావలి తమ్ముడూ, ఇంగ్లీషు కథలో నాయకుడు మడమ మీద తిరిగి వెళ్ళిపోయే వాక్యాన్ని 'మడమ తిప్పాడు' అని రాస్తే సారు ఎందుకు కొట్టేశారని అడిగావు. కొట్టేయాల్సిందే. మనకు మడమ తిప్పడమంటే యుద్ధంలో వెనక్కి తగ్గడం, ఇచ్చిన మాట మీద నిలబడకపోవడం. నీ నాయకుడు పిరికివాడు కాదు, కోపంలో ఉన్నాడు. 'గిర్రున తిరిగి విసురుగా వెళ్ళిపోయాడు' అను, సరిపోతుంది.

ఇంగ్లీషు నుడికారాన్ని మాటకు మాట దించి నువ్వు రాసిన 'మడమలు చల్లబరచుకుంటూ కూర్చున్నాడు' అన్నది మరీ అన్యాయం! ఆఫీసు ముందు పడిగాపులు కాశాడు, అంతే. ఇంగ్లీషువాడు మడమలకు పని చెప్పి పారిపోయాడంటే కాలికి బుద్ధి చెప్పాడనో, పిక్కబలం చూపాడనో రాయి. అక్కడ మడమలు నేలలో దిగేసుకున్నవాడు మన భాషలో భీష్మించుకు కూర్చుంటాడు.

అకిలిస్ మడమ, అంటే ఎంత బలవంతుడికైనా ఉండే ఒక్క బలహీనత, దాని దగ్గర మాత్రం తొందరపడొద్దు. వీరుడు అకిలిస్‌కు గాయమే కాకూడదని తల్లి థెటిస్ పసితనంలో స్టిక్స్ నదిలో ముంచినప్పుడు పట్టుకున్న మడమ ఒక్కటే తడవలేదు, చివరికి అక్కడే దెబ్బ తగిలిందన్నది గ్రీకు కథ. మన భారతంలోనూ దుర్వాసుడి మాట మీద కృష్ణుడు ఒళ్ళంతా పాయసం పూసుకుని అరికాళ్ళు వదిలేస్తాడు, చివరికి వేటగాడి బాణం పాదానికే తగులుతుంది. కాబట్టి కథలో గ్రీకు ప్రస్తావన ముఖ్యమైతే మడమనే ఉంచు. రాజకీయ నాయకుడి బలహీనత గురించైతే 'ఆయువుపట్టు' చాలు.

మీ అవ్వ అనే 'గుదికాలు' తప్పేం కాదు, మడమే అది. తమిళంలోనూ కుదికాల్ అంటారు. పల్లెటూరి పాత్ర నోట అయితే నేను దాన్నే వాడతాను.