పుణె వెళ్లే బుజ్జికి

గోపాలపట్నం

చిరంజీవి బుజ్జికి,

పెదనాన్న ఆశీస్సులు. నీకు డిఫెన్స్ అకౌంట్స్ సర్వీసు, అదే సైన్యం ఖర్చుల లెక్కలు చూసే ఉద్యోగం వచ్చిందని, ట్రైనింగుకి పుణె వెళ్తున్నావని నిన్న రాత్రి మీ నాన్న ఫోన్ చేశాడు. మీ పెద్దమ్మ అప్పుడే వీధంతా చెప్పేసింది. నాకు మాత్రం నిద్ర పట్టలేదు. ఇరవై ఏళ్లకు పైగా ఎయిర్‌ఫోర్స్‌లో స్పేర్ల కోసం, అంటే విమానాల విడిభాగాల కోసం కాగితాలు రాసినవాణ్ణి. అవి ఢిల్లీలో ఎవరి టేబుల్ మీదో పడి ఉంటాయని తిట్టుకునేవాణ్ణి. ఇప్పుడు ఆ టేబుల్ వెనక మా బుజ్జి కూర్చోబోతోంది.

పుణె చలి మన చలిలా ఉండదు, స్వెటర్ పెట్టుకో. హిందీ మెరుగుపరుచుకో. పైఆఫీసరుతో నలుగురిలో వాదించకు. ఇవి ఎవరైనా చెప్తారు. నేను చెప్పాల్సింది ఒక రబ్బరు గొట్టం గురించి.

1993. ఈశాన్యంలో ఒక స్టేషన్. నేను సార్జెంట్‌ని, ఎయిర్‌ఫ్రేమ్ ఫిట్టర్‌ని, అంటే ఇంజను కాక విమానం ఒంటిని బాగుచేసేవాణ్ణి. మాది ఏఎన్-32, 1984 నుంచి మన దగ్గరున్న రవాణా విమానం. తయారయ్యేది కీవ్‌లో. 1991లో సోవియట్ యూనియన్ ముక్కలయ్యాక దానికి స్పేర్లు దొరకడం గగనమైపోయింది. ఒక విమానానికి బ్రేకు హైడ్రాలిక్ గొట్టం మార్చాలి. కొత్తది కావాలని డిమాండ్ కాగితం పెడితే 'స్టాకు లేదు' అని తిరిగొచ్చింది. మర్నాడు పొద్దున్నే ఆ విమానం కొండల మీదికి రేషన్ తీసుకెళ్లాలి. హ్యాంగర్ మూల, ఓవర్‌హాల్ (పూర్తి మరమ్మతు) వంతు కోసం నెలల తరబడి నిలబడ్డ ఇంకో విమానం ఉంది. దాని గొట్టం ఊడదీశాను. అందరూ చేసేదే. చేత్తో వంచి చూస్తే, వంపు దగ్గర రబ్బరు మీద సన్నటి పగుళ్లు, వేసవిలో చెరువు అడుగులాగా. బొటనవేలితో రుద్దితే నల్లటి పొడి అంటుకుంది. నెల రోజులు ఆగుతుందిలే అనుకున్నాను. బిగించాను, సంతకం పెట్టాను. మా పైఆయన భుజం తట్టి, "విమానం ఎగిరిందిగా, ఇంకా ఆ డిమాండ్ ఎందుకయ్యా, పెండింగులు పెరిగిపోతున్నాయి" అన్నాడు. ఆ కాగితం నా చేత్తోనే వెనక్కి తీసుకున్నాను.

పందొమ్మిదో రోజు దిగేటప్పుడు బ్రేకు ప్రెషర్ పడిపోయింది. విమానం రన్‌వే దాటి బురదలోకి పోయింది. మేం పరిగెత్తేసరికి రన్‌వే మీద పొడుగాటి ఎర్ర గీత. హైడ్రాలిక్ నూనె ఎర్రగా ఉంటుందని నాకు తెలియదా? అయినా ఆ క్షణం అది నూనె అని తట్టలేదు. ఎవరూ చనిపోలేదు. ఫ్లైట్ ఇంజనీరుకి మెడ కింద ఎముక విరిగింది. ఆసుపత్రికి వెళ్తే, "ఏదో గొట్టం పోయిందటగా" అన్నాడు మామూలుగా. తలూపాను. అది నేను బిగించిందే అని నోరు పెగల్లేదు. తర్వాత విచారణలో చెప్పాను, శిక్ష పడింది. న్యాయమే.

ఇప్పటికీ నన్ను తినేసేది అది కూడా కాదమ్మా. ఆ ఏడాది చివర స్పేర్ల లెక్క తీస్తే, ఆ గొట్టం ఎదురుగా 'నిల్' అని ఉంది. ఎవరూ అడగలేదు కాబట్టి అక్కర్లేదన్నమాట! మేం ఎలాగోలా నెట్టుకొచ్చిన కొద్దీ మాకు ఏ లోటూ లేదని కాగితం మీద తేలింది. ఢిల్లీని తిట్టుకున్నాను గానీ, లోటు కనపడకుండా చేసింది నేనే.

అందుకే, 'విమానాలు ఎగురుతూనే ఉన్నాయి, ఈ ఏటికి వాయిదా వేయొచ్చు' అని నీ ముందుకు ఫైలొస్తే, ఎలా ఎగురుతున్నాయని అడుగు. పక్క విమానాల నుంచి ఎన్ని ఊడదీశారో లెక్క తెప్పించుకో. వీలైతే హ్యాంగర్‌కి వెళ్లి ఆ మూల నిలబెట్టినదాన్ని చూసి రా. జాగ్వార్ యుద్ధవిమానం సంగతే చూడు. 1979లో వచ్చింది. కొత్త ఇంజన్లు పెట్టాలని ఏళ్ల తరబడి అనుకుని, ఖర్చెక్కువని 2019లో మానుకున్నారు. ఫ్రాన్స్, ఒమన్ పక్కన పెట్టేసిన జాగ్వార్ల భాగాలు తెచ్చుకుని నడుపుతున్నాం. నేను హ్యాంగర్ మూల చేసిన పనే, కాకపోతే సముద్రాలు దాటి. 2025లోనే మూడు కూలాయి. కారణాలు దేనివి దానివే కావచ్చు, తీర్పు చెప్పడానికి నేనెవర్ని. ఆలస్యంగా వచ్చే డబ్బుతోనూ తిప్పలే. ఏఎన్-32ల ఆధునికీకరణకి ఉక్రెయిన్‌తో 2009లో ఒప్పందమైంది. 40 అక్కడ చేసి పంపారు. మిగతావి కాన్పూర్‌లో చేస్తుండగా 2014లో ఉక్రెయిన్‌లో గొడవలు మొదలై సామాను ఆగిపోయింది.

దీపావళికి వచ్చినప్పుడు, "పాత విమానాల మీద డబ్బు పోయడం దేనికి పెదనాన్నా, కొత్తవి కొనొచ్చుగా" అన్నావు. అప్పుడే తిట్టాల్సింది, జంతికలు తింటూ ఊరుకున్నాను. చదువుకున్న మొద్దువి! మన దగ్గరే తయారయ్యే కొత్త యుద్ధవిమానాలు, 83 తేజస్ మార్క్-1ఏలకి 2021లో సంతకాలయ్యాయి. 2024 మార్చి నుంచి రావాలి. ఆ తేదీకి ఒక్కటీ రాలేదు. కొత్తది వచ్చేదాకా ఎగరాల్సింది పాతదే కదా. అందులో కూర్చునేది నీ ఈడు పిల్లలే. కోపంగా రాశాను, ఏమనుకోకు తల్లీ.

ఇంకొకటి. దీన్ని సలహా అనుకోకు, నా భయం అనుకో. 2016 జూలై 22న తాంబరం నుంచి పోర్ట్‌బ్లెయిర్ వెళ్తూ ఒక ఏఎన్-32 మాయమైంది. 29 మంది. అందులో ఎనిమిది మంది మన విశాఖ ఎన్‌ఏడీ (నేవీ ఆయుధాల డిపో) వాళ్లు, యూనిఫాం లేని మామూలు ఉద్యోగులు. దాన్ని నా గొట్టంతో ముడిపెట్టను. శకలాలు కనపడ్డాయని 2024 జనవరిలో చెప్పారు, చెన్నై తీరానికి 310 కిలోమీటర్ల అవతల, 3,400 మీటర్ల లోతున. ఏడున్నరేళ్లు! ఎన్‌ఏడీ జంక్షన్‌లో బస్సు మారినప్పుడల్లా గుర్తొస్తుంది. నిన్ను కూడా ఎప్పుడో అలాంటి కొరియర్ విమానం, సిబ్బందిని చేరవేసేది, ఎక్కమంటారు. ఎక్కు, వద్దనను. ఎక్కేముందు మీ నాన్నకి ఫోన్ చెయ్యి. నాకూ చెయ్యి.

ఆ గొట్టం ముక్క నా బీరువాలో, పెన్షన్ కాగితాల కింద ఉంది. స్క్రాప్‌లో వేయాల్సింది, వేయలేదు. మీ ఆడిట్ వాళ్లకి చెప్పకు. వెళ్లేముందు ఒక ఆదివారం రా, నీ చేత్తో వంచి చూద్దువుగాని. పెద్దమ్మ సున్నుండలు చేస్తానంది, డబ్బా తెచ్చుకో.

మీ పెదనాన్న