ముప్పై దాటాక ఆటలు: సోఫాలో కన్సోలా, టేబుల్ ముందు పీసీనా?

మీ ప్రశ్న చదివి నవ్వొచ్చింది. కొన్నేళ్ళ క్రితం నేనూ అచ్చం ఇదే తర్జనభర్జన పడ్డాను. మీకు 34 ఏళ్ళు, పగలంతా కంప్యూటర్ ముందు ఉద్యోగం, ఇంట్లో మంచి గేమింగ్ పీసీ ఉంది, అయినా రాత్రి దాని ముందు కూర్చోబుద్ధి కావడం లేదు. కన్సోల్ (టీవీకి తగిలించి ఆడే ఆటల పెట్టె) కొంటే మళ్ళీ ఆడతానా, లేక అదీ ఓ మూల పడి దుమ్ము పడుతుందా? ఇదీ మీరు అడిగింది.

నా విషయంలో సోఫానే గెలిచింది. గ్రాఫిక్స్ వల్లో, ఎఫ్‌పీఎస్ (సెకనుకు తెరమీద మారే ఫ్రేములు, అంటే బొమ్మల లెక్క) వల్లో కాదు. కుర్చీ వల్ల.

కాస్త వివరంగా చెప్తాను. నాది ఇంటి నుంచి చేసే ఉద్యోగం. పొద్దున ఏ కుర్చీలో కూర్చుంటానో, రాత్రి ఆడడానికీ అదే కుర్చీ. అదే టేబుల్, అదే మానిటర్, అదే మౌస్. ఆఫీసు ల్యాప్‌టాప్ తీసేసి కేబుల్ పీసీకి మార్చడం ఒక్కటే తేడా. మొదట్లో ఒంట్లో ఓపిక తగ్గిందనుకున్నాను, వయసు మీద పడుతోందనీ, ఆటల మీద మోజు తీరిపోయిందనీ. కానీ ఓ వారం స్నేహితుడి ఇంట్లో ఉన్నప్పుడు వాళ్ళ సోఫాలో కాళ్ళు చాపుకుని అర్ధరాత్రి రెండింటిదాకా ఆడాను. ఓపికకేం రోగం లేదని అప్పుడు తెలిసింది. విసుగల్లా ఆ కుర్చీ మీదే. అందులో కూర్చుంటే చాలు, ఇంకా ఎవరికో మెయిల్ పంపాలేమో అనిపించేది. అన్నిటికీ మించి మణికట్టు. పగలంతా మౌస్ తిప్పిన చెయ్యి రాత్రి మళ్ళీ మౌస్ పట్టుకోనని మొరాయించేది. కంట్రోలర్ పట్టుకుంటే రెండు చేతులూ ఒళ్ళో ఉంటాయి, పని బొటనవేళ్ళది. ఆ చిన్న మార్పే నాకు పెద్ద ఊరట.

అందుకని మిమ్మల్ని నేను అడిగే మొదటి ప్రశ్న ఇది: పగలు మీ ఒళ్ళు ఎక్కడుంటుంది? రోజంతా నిలబడో, తిరిగో పనిచేసేవాళ్ళకు ఇంటికొచ్చాక టేబుల్ ముందు కుర్చీ హాయిగానే ఉంటుంది. నాకు తెలిసిన ఒకాయన అలాంటివాడే, పీసీ తప్ప ఇంకోటి ముట్టుకోడు. మీరు పగలంతా డెస్క్ దగ్గరే అని రాశారు కాబట్టి మీ సమాధానం సగం అక్కడే ఉంది.

రెండోది సమయం. ఇరవైల్లో నాకు శనివారం అంటే శనివారం మొత్తం. ఇప్పుడు పాప పడుకున్నాక, నాకు నిద్ర ముంచుకొచ్చేలోపు, మహా అయితే గంట. ఆ గంటలో ఓ రాత్రి ఏం జరిగిందంటే, తీరా కూర్చున్నాక సిస్టమ్ అప్‌డేట్ అంది, రీస్టార్ట్ అంది. తరువాత ఆటలను తెరిచే యాప్, అదే గేమ్ లాంచర్, తనను తాను అప్‌డేట్ చేసుకుంది. ఆట తెరిస్తే "షేడర్లు కంపైల్ అవుతున్నాయి" అని ఓ గీత నెమ్మదిగా పాకడం మొదలైంది. అది వంద శాతానికి చేరేసరికి పాప లేచింది. ఆ రాత్రి నేను ఆడిన ఆట ఆ గీతే.

ఈ షేడర్ల గొడవ పీసీకే ఎక్కువ ఎందుకో చెప్పాలి. వెలుగూ నీడా నీళ్ళూ ఎలా కనపడాలో గ్రాఫిక్స్ కార్డుకు చెప్పే చిన్న చిన్న ప్రోగ్రాములే షేడర్లు. పీసీల్లో ఒక్కొక్కరిది ఒక్కో కార్డు, దాన్ని నడిపించే సాఫ్ట్‌వేర్ (డ్రైవర్) కూడా ఒక్కోటి. అందుకని మన కార్డుకు సరిపడేలా వాటిని మన దగ్గరే తయారు చేసుకోవాలి. డ్రైవర్ మారితే ఆ పని మళ్ళీ మొదటికి రావచ్చు. ముందే చేయని ఆటల్లో అయితే ఆడుతుండగానే జరిగి బొమ్మ టక్కుమని ఆగి ఆగి కదులుతుంది. కన్సోల్ ఒక మోడల్ అంటే అన్నిట్లోనూ ఒకే చిప్పు, కాబట్టి తయారైన షేడర్లే ఆటతోపాటు వచ్చేస్తాయి. కన్సోల్‌కు అప్‌డేట్లు లేవని కాదు, బోలెడు ఉంటాయి. మనం పడుకున్నప్పుడు రెస్ట్ మోడ్‌లో అది తన పని తాను చూసుకుంటుంది, అంతే.

అసలు నన్ను కట్టిపడేసింది కూడా ఆ రెస్ట్ మోడే. ఆడుతున్న ఆటను ఉన్నచోటే నిద్రపుచ్చి, మర్నాడు అదే అడుగు నుంచి లేపడం సోనీ కన్సోల్ పీఎస్4కు 2015లో వచ్చింది. 2020లో వచ్చిన మైక్రోసాఫ్ట్ కన్సోళ్ళు ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎక్స్, ఎస్‌లలోని క్విక్ రెజ్యూమ్ అయితే ఒకేసారి కొన్ని ఆటలను అలా దాచిపెడుతుంది. కుర్రాళ్ళకిది గొప్పగా అనిపించకపోవచ్చు. పిల్లలున్నవాళ్ళను అడగండి. లోపల్నుంచి ఏడుపు వినపడగానే ఒక బటన్ నొక్కి లేచి వెళ్ళిపోవచ్చు. సేవ్ పాయింట్ ఎంత దూరంలో ఉందా అని వెతుక్కునే పని లేదు. "అయిదే అయిదు నిమిషాలు" అని అబద్ధం చెప్పే పనీ లేదు. ఎల్డెన్ రింగ్ లాంటి ఆటల్లో మెనూ తెరిచినా ఆట ఆగదు, శత్రువు వచ్చి పొడిచేస్తాడు. అలాంటివి సైతం ఆఫ్‌లైన్‌లో పెట్టుకుంటే నాకు ఇలాగే లొంగాయి. ఆన్‌లైన్ ఆటలకు మాత్రం ఈ కిటుకు పనిచేయదు, సర్వర్ మనింట్లో పాప కోసం ఆగదు కదా. పీసీని స్లీప్‌లో పెట్టి ఇదే సాధిద్దామని చూశాను. నా పీసీ ఒకరోజు బుద్ధిగా లేచేది, ఒకరోజు లేచి ఆటను చంపేసేది. స్టీమ్ డెక్ (చేత్తో పట్టుకుని పీసీ ఆటలు ఆడుకునే పరికరం) ఉన్నవాళ్ళకు ఈ నిద్రపుచ్చే సుఖం పీసీ ఆటల్లోనూ దొరుకుతుంది, అది వేరే సంగతి.

ఇక్కడిదాకా చదివి కన్సోల్‌కు భజన చేస్తున్నాననుకోకండి. సోఫాకు మారాక నాకు తగిలిన దెబ్బలున్నాయి.

అన్నిటికన్నా పెద్దది నా తెలివితక్కువతనమే. కన్సోల్ కొన్నాక రెండు వారాలు ప్రతి ఆటలోనూ చిత్తుగా ఓడిపోయాను. గెంతాల్సిన చోట అర క్షణం ఆలస్యం, కాచుకోవాల్సిన దెబ్బ ఒక్కటీ కాచుకోలేకపోవడం. చేతి చురుకుదనం పోయిందని మా ఆవిడ దగ్గర వాపోయాను కూడా. తీరా చూస్తే టీవీలో గేమ్ మోడ్ ఆఫ్‌లో ఉంది. అది ఆఫ్‌లో ఉంటే, బొమ్మను నునుపు చేసి, రంగులు దిద్ది, లేని ఫ్రేములను మధ్యలో అతికించి చూపించే ప్రాసెసింగ్ అంతా టీవీలో నడుస్తుంటుంది. సినిమాకు అది ఆలస్యమైనా మనకు తెలియదు, ఆటలో చెయ్యికీ కంటికీ పొత్తు కుదరదు. 60 ఎఫ్‌పీఎస్‌లో ఒక్కో ఫ్రేముకు దక్కేది 16.7 మిల్లీసెకన్లు. టీవీ తీరిగ్గా మెరుగులు దిద్దుతూ కూర్చుంటే మనం నొక్కిన బటన్ కొన్ని ఫ్రేముల తరువాత గానీ తెరమీద కనపడదు. గేమ్ మోడ్ ఆన్ చేసిన రాత్రి నా వయసు పదేళ్ళు తగ్గింది.

రెండో దెబ్బ అక్షరాలు. పెద్ద టీవీ కాబట్టి అన్నీ పెద్దగా కనపడతాయనుకుంటాం. లెక్క వేసి చూడండి. 27 అంగుళాల మానిటర్‌ను 65 సెంటీమీటర్ల దూరం నుంచి చూస్తే అది మన చూపులో అడ్డంగా సుమారు 50 డిగ్రీలు ఆక్రమిస్తుంది. 55 అంగుళాల టీవీని రెండున్నర మీటర్ల నుంచి చూస్తే 27 డిగ్రీలే. అంటే కంటికి టీవీయే చిన్నది! మానిటర్ అంత నిండుగా కనపడాలంటే ఆ టీవీకి 1.3 మీటర్ల దగ్గరగా కూర్చోవాలి, ఎవరు కూర్చుంటారు? అందుకే డెస్క్ దగ్గర హాయిగా చదివిన వస్తువుల వివరాలు సోఫాలోంచి చీమల బారుల్లా ఉంటాయి. 2015లో విచర్ 3 అనే ఆట వచ్చినప్పుడు టీవీ మీద అక్షరాలు చదవలేకపోతున్నామని జనం మొత్తుకుంటే, తరువాత ప్యాచ్‌లో (ఆటకు వచ్చే సవరణ అప్‌డేట్) సైజు పెంచుకునే వీలు ఇచ్చారు. ఇప్పుడు చాలా ఆటల్లో ఆ సెట్టింగ్ ఉంటుంది గానీ, అన్నిట్లో కాదు. అద్దాలు వాడేవాళ్ళయితే దూరపు చూపు ఓసారి చూపించుకోండి, నేను చూపించుకుంటే నంబర్ మారింది.

ఇక ఆటల రకం. స్ట్రాటజీ ఆటలు ఆడేవాళ్ళయితే పీసీని అమ్మే ఆలోచన పెట్టుకోవద్దు. నేను ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ 2 మొదటిసారి ఆడింది స్కూలు రోజుల్లో. 1999 నాటి ఆట, 2019లో కొత్త హంగులతో మళ్ళీ వచ్చింది, 2023లో ఎక్స్‌బాక్స్‌కూ వచ్చింది. కంట్రోలర్‌తో ఆడించడానికి తయారుచేసినవాళ్ళు నిజంగా బుర్ర పెట్టారు, తిట్టలేను. కానీ పాతికేళ్ళుగా మౌస్‌తో డబ్బా గీసి సైన్యాన్ని ఎంచుకున్న చెయ్యికి అది ఎడమచేత్తో సంతకం చేసినట్టే ఉంటుంది. అందుకే నెలకో రెండుమూడుసార్లు ఆదివారం మధ్యాహ్నం ఆ పాత కుర్చీలోనే కూర్చుంటాను. వారం మధ్యలో విసుగనిపించే కుర్చీ ఆదివారం ఏమీ అనదు, చిత్రం. షూటింగ్ ఆటల్లోనూ మౌస్ గురికి సాటి లేదు. కంట్రోలర్ వాడేవాళ్ళకు గురి కుదరడంలో ఆటే కొంత సాయం చేస్తుందని తెలిసిందే. నేను పోటీగా ఆడడం మానేశాను కాబట్టి నాకు ఆ బెంగ లేదు.

ఎఫ్‌పీఎస్ గురించి ఒక్క మాట. మౌస్‌తో ఆడుతూ 30 ఎఫ్‌పీఎస్ అంటే నాకు తల తిరుగుతుంది, ఎందుకంటే చెయ్యి కదిపిన వెంటనే చూపు కదలాలి. సోఫాలో దూరంగా కూర్చుని కంట్రోలర్‌తో నింపాదిగా తిరిగేటప్పుడు అదే 30 భరించగలిగాను. ఇప్పటి కన్సోల్ ఆటల్లో చాలావాటికి పర్ఫార్మెన్స్ మోడ్ (బొమ్మ నాణ్యత కాస్త తగ్గించి ఎఫ్‌పీఎస్ పెంచేది) ఉంటుంది, నేను కళ్ళు మూసుకుని అదే పెడతాను.

పీసీ పక్కన ఎప్పటికీ దొరకనిది ఒకటి సోఫాలో దొరికింది. మా ఆవిడకు ఆటలంటే ఆసక్తి లేదనుకునేవాణ్ణి. నిజానికి నేను ఆమెకు వీపు చూపిస్తూ ఇన్నేళ్ళూ ఓ మూల కూర్చున్నాను, ఆసక్తి ఎక్కడి నుంచి పుడుతుంది? టీవీలో ఆడుతుంటే పక్కన కూర్చుని "ఆ తలుపు తెరవలేదేం?" అని అడగడంతో మొదలైంది. తరువాత ఇట్ టేక్స్ టూ పెట్టాం. 2021లో వచ్చింది, ఇద్దరు లేనిదే అసలు మొదలే కాదు. మీరూ ఇలా ఎవరినైనా కూర్చోబెడితే ఒక సంగతి గుర్తుంచుకోండి. కొత్తవాళ్ళకు కష్టం గెంతడం, దూకడం కాదు. ఎడమ బొటనవేలితో నడుస్తూ కుడి బొటనవేలితో చూపు తిప్పడం కష్టం. మనకది ఎప్పుడో ఒంటబట్టింది కాబట్టి కష్టమని తోచదు. మొదటి రెండు రోజులూ ఆవిడ బొమ్మ ఆకాశం చూస్తూ గోడకు గుద్దుకుంటూ నడిచింది. నేను నోరు మూసుకుని కూర్చున్నాను (ఇదే అన్నిటికన్నా కష్టమైన పని). మూడో రోజుకు దారిలో పడింది. ఇప్పుడు నాకంటే ముందు అవతలి గట్టుకు చేరి నన్ను తొందరపెడుతుంది.

దీనికి అవతలి వైపు కూడా ఉంది. టీవీ ఇంటందరిదీ. పీసీ గదికి తలుపుంది, హాల్లో సోఫాకు లేదు. రాత్రి తొమ్మిదిన్నర దాకా టీవీ నాది కాదు. రక్తం పారే ఆటలు పాప నిద్రపోయేదాకా మాటే ఎత్తకూడదు. మీ ఇంట్లో ఇలాంటి బేరాలు కుదరవనుకుంటే సోఫా సుఖం కాగితం మీదే మిగులుతుంది.

మీ దగ్గర పీసీ ఎలాగూ ఉంది కాబట్టి ముందే కన్సోల్ కొనకండి. ఒక కంట్రోలర్ సంపాదించి, పొడవాటి హెచ్‌డీఎంఐ కేబుల్‌తో పీసీని టీవీకి కలిపి, స్టీమ్‌లో (పీసీ ఆటలు కొని ఆడే యాప్) టీవీకి తగ్గట్టు అన్నీ పెద్దగా చూపే బిగ్ పిక్చర్ మోడ్ పెట్టి ఓ రెండు వారాలు ఆడి చూడండి. నేనూ అలాగే మొదలుపెట్టాను. చాలావరకు బాగుంటుంది, అప్పుడప్పుడూ వెనకాల ఏదో చిన్న విండో తెరుచుకుని "ఓకే" నొక్కమని కూర్చుంటుంది, మౌస్ కోసం లేవాల్సిందే. కొంతమందికి ఆ కాస్త లేవడం పెద్ద లెక్క కాదు, వాళ్ళకు కన్సోల్ అక్కర్లేదు, కొన్న ఆటలన్నీ అలాగే పనికొస్తాయి. నేను నాలుగో రోజుకే విసిగిపోయాను. కన్సోల్‌లో చాలా ఆటలు ఆన్‌లైన్‌లో ఆడాలంటే చందా కట్టాలన్నది కూడా లెక్కలో వేసుకోండి, పీసీలో ఆ బాదుడు ఉండదు.

ఆ రెండు వారాల్లో ఎన్ని రాత్రులు నిజంగా ఆడారో క్యాలెండర్‌లో టిక్కు పెట్టుకోండి. ఇప్పుడు పీసీ ముందు ఆడుతున్న రాత్రుల కంటే ఎక్కువ వస్తే కొనేయండి. ఆ టిక్కులు పెట్టడం మొదలుపెట్టేముందు మాత్రం టీవీలో గేమ్ మోడ్ ఆన్‌లో ఉందో లేదో చూసుకోండి.