చదరంగంలో, రేటింగులో 400 పాయింట్లు ఎక్కువున్న ఆటగాడిపై తక్కువ రేటింగు వారికి నిజంగా అవకాశం ఉంటుందా?

తప్పకుండా ఉంటుంది, అయితే అందరూ వెతికే చోట ఉండదు. 400 పాయింట్ల తేడా ఉన్నప్పుడు రేటింగులు కట్టే ఎలో లెక్క ప్రకారం (గెలుపుకు ఒకటి, డ్రాకు అర పాయింటు) పై ఆటగాడికి సగటున ఆటకు 0.91 పాయింటు, కింది ఆటగాడికి 0.09 పాయింటు రావాలి. అదే లెక్కలో, కే విలువ (ఒక ఆటతో రేటింగు ఎంత మారగలదో చెప్పే సంఖ్య) 20 ఉన్నవారు ఓడితే పోయేది రెండు రేటింగు పాయింట్ల లోపే, డ్రా చేస్తే వచ్చేది ఎనిమిదికి పైగా. కాబట్టి ఆ బల్ల దగ్గర భయపడవలసినవారు మీరు కాదు.

ఓడినవారిని తొలగించకుండా అందరినీ అన్ని రౌండ్లూ ఆడించే స్విస్ పద్ధతిలో మొదటి రౌండుకు రేటింగు జాబితాలోని పై సగాన్ని కింది సగంతో జతపరుస్తారు కనుక, మా పాలకొల్లు వైపు నుంచి తక్కువ రేటింగుతో వెళ్లేవారికి బలమైన ప్రత్యర్థి తొలి ఆటలోనే ఎదురవుతారు. భీమవరంలో జరిగిన ఒక ఓపెన్ టోర్నమెంటులో నాకు విశాఖపట్నం ఆటగాడు అలాగే తగిలారు. ఆయన ఒక బంటు గెలుచుకున్న తరువాత, చెరొక ఏనుగు, ఆయనకు ఆ ఒక్క బంటు మిగిలేదాకా ఆట సాగింది. చుట్టూ చేరినవారు నా పని అయిపోయిందనే అనుకున్నారు. నావి నల్లపావులు, ఆయన బంటు ఐదో వరుసలో ఉండగా నా రాజు దాని దారికి అడ్డంగా ఎనిమిదో వరుసలో నిలిచాడు, నా ఏనుగు ఆరో వరుసను కాస్తూ ఆయన రాజును ముందుకు రానివ్వలేదు. ఆయన చాలాసేపు ఆలోచించి బంటును ఆరో వరుసకు నెట్టిన మరుక్షణం నేను ఏనుగును మొదటి వరుసకు దించి వెనుక నుంచి చెక్‌లు మొదలుపెట్టాను. ఆ రాజు తలదాచుకోవలసిన గడిని సొంత బంటే ఆక్రమించుకున్నది కనుక, కొన్ని ఎత్తుల తరువాత ఆయనే డ్రా ప్రతిపాదించారు.

18వ శతాబ్దపు ఫ్రెంచి ఆటగాడు ఫిలిడోర్ పేరుతో ప్రసిద్ధమైన ఈ రక్షణను ఒక సాయంత్రంలో నేర్చుకోవచ్చు. అయినా మా ప్రాంతంలో పిల్లలకు డబ్బు తీసుకుని నేర్పేవారు నెలల తరబడి ఓపెనింగులే, అంటే ఆట మొదట్లో వేసే ఎత్తుల వరుసలే, బట్టీ పట్టిస్తున్నారు. బలమైన ఆటగాడు ఆరో ఎత్తుకే పుస్తకం దాటి వెళితే ఆ పిల్లవాడికి చేతిలో ఏమీ మిగలదు. ఇది నన్ను ఎంతో బాధపెట్టే విషయం. పావులన్నీ త్వరగా మార్చుకుంటే డ్రా అవుతుందని చెప్పే సలహా ఇంకా ప్రమాదకరం, ఎందుకంటే పెద్ద రేటింగు వారు ఎక్కువగా గెలిచేది పావులు తగ్గిపోయిన ఆట చివరి దశలోనే.

మీరు ముందుగా ఫిలిడోర్ అమరికను, ఏనుగూ బంటూ ఉన్నవారు ఒంటరి ఏనుగుపై గెలిచే లుసేనా అమరికను, ఒక్క బంటు మిగిలిన రాజుల ఆటలో అపోజిషన్‌ను (రాజులు ఎదురెదురుగా నిలిచినప్పుడు ఎదుటి రాజు దారి ఇవ్వక తప్పని స్థితిని) సాధన చేయండి. పై ఆటగాడు తొందరగా డ్రా అడిగితే, ఆయన రేటింగును పక్కనపెట్టి, ముందు బల్ల మీది మీ స్థితిని చూసి జవాబు చెప్పండి.