టెక్ సందేహాలు: అమెరికాలో ఫోర్డ్ లైట్నింగ్ ఆగితే గుంటూరు ట్రక్కుకేంటి?

ఈ వారం ఉత్తరాల్లో ఫోన్లు, లాప్‌టాప్‌లు వెనకబడి బండ్లు ముందుకొచ్చాయి. ఇప్పుడు బండిలోనూ సగం సాఫ్ట్‌వేరే కాబట్టి నాకేం అభ్యంతరం లేదు. వైఫై రౌటర్ ప్రశ్నలు పంపినవాళ్లు మాత్రం ఒక్క వారం ఓపిక పట్టాలి.

ప్రశ్న: మిర్చి యార్డు నుంచి కోల్డ్ స్టోరేజీలకు టిక్కీలు (మిర్చి బస్తాలు) తోలడానికి మాకు రెండు డీజిల్ మినీ ట్రక్కులున్నాయి. ఒకటి పాతబడిపోయింది. దాని బదులు ఎలక్ట్రిక్‌ది తీసుకుందామంటే, డాలస్‌లో ఉన్న మా అబ్బాయి "ఇక్కడ ఫోర్డ్ వాళ్లే ఎలక్ట్రిక్ పికప్ మానేశారు నాన్నా, నీకెందుకీ తలనొప్పి" అంటున్నాడు. ఏం చెయ్యమంటారు?
గుంటూరు నుంచి ఒక పాఠకుడు

జవాబు: మీ అబ్బాయి చెప్పిన వార్త నిజమే. ఎఫ్-150 లైట్నింగ్ పికప్‌ను పూర్తి ఎలక్ట్రిక్ బండిగా ఇక తయారు చెయ్యబోమని ఫోర్డ్ 2025 డిసెంబరులో ప్రకటించింది. ఎలక్ట్రిక్ వ్యాపారాన్ని సర్దుకోవడానికి 1,950 కోట్ల డాలర్ల భారం లెక్కల్లో చూపిస్తామని కూడా చెప్పింది. కాకపోతే అక్కడ పికప్ దెబ్బతిన్న కారణాలు చాలావరకు మీ బండికి వర్తించవు.

అమెరికాలో పికప్ అంటే చాలా ఇళ్లలో సొంత కారే. వారమంతా ఆఫీసుకి, శనివారం వెనక పడవో ట్రైలరో తగిలించుకుని ఊరి బయటికి. ట్రైలర్ తగిలిస్తే ఎదురుగాలి అడ్డు పెరిగి, ఒక్క ఛార్జింగుతో వచ్చే దూరం దాదాపు సగానికి పడిపోతుంది. ఆ భయం తీర్చాలని బ్యాటరీ పెంచారు. బ్యాటరీ పెరిగితే బరువు, బరువుతోపాటు ధర. జీఎంసీ కంపెనీ హమ్మర్ ఎలక్ట్రిక్ పికప్‌లో బ్యాటరీ ఒక్కటే 1,300 కిలోల పైన తూగుతుంది. మీ ట్రక్కులో చట్టప్రకారం ఎక్కించాల్సిన సరుకు కూడా అంత ఉండదు! లైట్నింగ్‌ను 2021లో 40 వేల డాలర్ల లోపు అని చూపించారు, 2023 మార్చికల్లా అదే రకం 60 వేలకు చేరింది. తర్వాత తగ్గించినా జనం మనసు విరిగింది. 2025 సెప్టెంబరు 30తో అక్కడి ప్రభుత్వం ఇచ్చే 7,500 డాలర్ల పన్ను రాయితీ కూడా పోయింది.

మీది రోజూ ఒకే దారి, తెలిసిన బరువు, రాత్రికి సొంత షెడ్డు. ఎలక్ట్రిక్ బండికి ఇంతకన్నా అనువైన పని ఉండదు. నా మటుకు నాకు ఎలక్ట్రిక్ పికప్ భవిష్యత్తు అమెరికా హైవే మీద కంటే ఇలాంటి షెడ్డుల్లోనే ఎక్కువ కనిపిస్తోంది. అయినా మిమ్మల్ని వెంటనే కొనెయ్యమని అనను. అడ్డొచ్చేది టెక్నాలజీ కాదు, మీ బండి రోజుకి ఎన్ని కిలోమీటర్లు తిరుగుతుందన్న లెక్క.

ఉదాహరణకి టాటా ఏస్ ఈవీని చూడండి. బ్యాటరీ 21.3 యూనిట్లు. కంపెనీ చెప్పేది 154 కిలోమీటర్లు. లోడుతో, మన ఎండలో, నేనైతే వంద అనుకోమంటాను. ఛార్జింగులో పోయేది కూడా కలిపితే ఫుల్ కావడానికి 24 యూనిట్లు. యూనిట్ పది రూపాయలనుకున్నా వంద కిలోమీటర్లకు 240 రూపాయలు. డీజిల్ బండి లీటరుకు 18 ఇస్తే, లీటరు 97 రూపాయల లెక్కన అదే దూరానికి దాదాపు 540. అంటే వంద కిలోమీటర్లు తిరిగిన రోజున 300 మిగులుతుంది.

కానీ యార్డు నుంచి కోల్డ్ స్టోరేజీ ఎంత దూరం? వరసలో గంటలకొద్దీ నిలబడి, రోజంతా కలిపి ముప్పై, నలభై కిలోమీటర్లు తిరిగితే ఎక్కువ. అప్పుడు మిగిలేది వంద రూపాయలు. పైగా మిర్చి సీజను అయిపోతే బండి షెడ్డులోనే. 2025 జూన్‌లో టాటావాళ్లదే ఇంకో మినీ ట్రక్కు ఏస్ ప్రో వచ్చినప్పుడు పెట్రోలుది 3.99 లక్షలు, ఎలక్ట్రిక్‌ది 6.50 లక్షలు. తేడా రెండున్నర లక్షలు. ఆ సెప్టెంబరులో సరుకు బండ్ల జీఎస్టీ 28 నుంచి 18కి దిగింది, ఎలక్ట్రిక్‌కి ఎప్పటిలా 5 శాతమే ఉంది కాబట్టి ఆ తేడా ఇంకాస్త పెరిగింది. రోజుకి వంద చొప్పున, ఏడాదికి 150 రోజులు తిప్పితే ఆ రెండున్నర లక్షలు తిరిగి రావడానికి దాదాపు పదిహేడేళ్లు పడుతుంది. అదే బండిని సీజనున్నా లేకున్నా గొల్లపూడి హోల్‌సేల్ మార్కెట్‌కి రోజూ పంపగలిగితే, పోనురాను డెబ్బై, ఊళ్లో తిరిగేది ముప్పై, ఏడాదికి 300 రోజులు, మూడేళ్లలో వసూలు. కాబట్టి ముందు విజయవాడ కిరాయి ఖాయం చేసుకోండి, బండి సంగతి తర్వాత.

ఓవర్‌లోడ్ గురించి కూడా చెప్పుకోవాలి, ఎందుకంటే మన దగ్గర అది మామూలే. టిక్కీ 40 నుంచి 45 కిలోలు. 2022లో వచ్చిన ఏస్ ఈవీకి 600 కిలోలు, అంటే పద్నాలుగు టిక్కీలు. 2024లో వచ్చిన ఏస్ ఈవీ 1000కి టన్ను, ఇరవై రెండు, ఇరవై మూడు. డీజిల్ బండికి నలభై ఎక్కించి లాగించినట్టు దీన్నీ లాగించొచ్చు, మోటారు కిక్కురుమనదు. అయితే ఎంత కరెంటు లాగింది, బ్యాటరీ ఎంత వేడెక్కింది అన్నది బండిలోని కంప్యూటర్ రాసిపెట్టుకుంటుంది. రేపు వారంటీ కోసం వెళ్తే ఆ చిట్టా ముందుకొస్తుంది.

షెడ్డులో వైరింగు చూసుకోండి. 15 ఆంప్స్ సాకెట్టులో ఏడెనిమిది గంటలు ఏకధాటిగా ఛార్జింగు పెట్టాలి. మోటారు కోసం ఎప్పుడో లాగిన సన్న వైరు దానికి ఆగదు. మీటరు బోర్డు నుంచి విడిగా 4 ఎంఎం రాగి వైరు, దానికో సొంత ఎంసీబీ (లోడు ఎక్కువైతే పడిపోయే స్విచ్చి), ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే ఆపేసే స్విచ్చి), గట్టి ఎర్తింగు ఉండాలి. మొదటి వారం రోజూ పొద్దున్నే ప్లగ్గు పీకి పిన్నుల మొదళ్లు చూడండి. అక్కడ గోధుమరంగు మచ్చ కనపడితే సాకెట్టు కాలుతోందన్నమాట, ఆ రోజే మార్చెయ్యండి. ఛార్జింగు పోర్టు మూత ఎప్పుడూ వేసి ఉంచండి. మిర్చి పొడి లోపలికి పోతే పొడిగుడ్డతో తుడవాలి తప్ప సర్వీసింగ్ షెడ్డులో లాగా నీళ్లు కొట్టకూడదు. మే నెలలో మధ్యాహ్నం బండి రాగానే ప్లగ్గు పెట్టొద్దు. నీడలో ఒక గంటన్నా ఆరనిచ్చి, రాత్రికి పెట్టుకోండి.

చివరగా, సబ్సిడీ వస్తుందని ఎవరైనా ఊరిస్తే కాగితం చూపించమనండి. కేంద్రం సబ్సిడీ పథకం పీఎం ఈ-డ్రైవ్‌లో ట్రక్కులకు ఇచ్చేది మూడున్నర టన్నుల పైబడిన పెద్ద బండ్లకే. మీకు నిజంగా కలిసొచ్చేవి వేరే ఉన్నాయి: 2018 నుంచి ఎలక్ట్రిక్ సరుకు బండ్లకు పర్మిట్ అక్కర్లేదు, థర్డ్ పార్టీ బీమాలో 15 శాతం తగ్గింపు ఉంది.

ప్రశ్న: సార్, టెస్లా సైబర్‌ట్రక్ తెప్పించుకుని విజయవాడలో తిప్పొచ్చా? ఖర్చెంతైనా పర్లేదు.
బెంజి సర్కిల్ నుంచి ఒక కుర్రాడు

జవాబు: ఖర్చు సంగతి సరే, స్టీరింగు సంగతేంటి? అది ఎడమ స్టీరింగుతోనే తయారవుతుంది, మోటారు వాహనాల చట్టం 120వ సెక్షన్ అలాంటి బండ్ల మీద ఆంక్ష పెట్టింది. టెస్లా 2025 జులైలో ముంబయిలో షోరూము తెరిచి అమ్మకానికి పెట్టింది మోడల్ వై కారునే. సైబర్‌ట్రక్ పొడవు ఐదున్నర మీటర్ల పైమాటే, వెడల్పు అద్దాలు కాకుండానే రెండు మీటర్లు. బీసెంట్ రోడ్డులో దాన్ని వెనక్కి తిప్పే డ్రైవరు ఎవరైనా దొరికితే నాకూ చెప్పండి.

ప్రశ్న: ఇరవై ఏళ్లుగా మారుతీయే వాడుతున్నాం. ఇప్పుడు ఎలక్ట్రిక్ కోసం బ్రాండ్ మారుద్దామంటే భయంగా ఉంది. షెవర్లే పోయింది, ఫోర్డ్ పోయింది. ఎంజీ బ్రిటన్‌దంటారు, చైనాదంటారు, జిందాల్‌దంటారు. జాగ్వార్ లోగో కూడా మార్చేసింది. అసలు ఎవర్ని నమ్మాలి?
లక్ష్మీపురం, గుంటూరు నుంచి ఒక రిటైర్డ్ లెక్చరర్

జవాబు: మాస్టారూ, ఎంజీ విషయంలో ఆ మూడు మాటలూ నిజమే. పేరు ఆక్స్‌ఫర్డ్‌లోని మోరిస్ గరాజెస్‌ది, యాజమాన్యం చైనాకు చెందిన శాయిక్‌ది, మన దేశంలోని కంపెనీలో 2024లో జిందాల్ వాళ్ల జేఎస్‌డబ్ల్యూ 35 శాతం వాటా తీసుకుంది. ఇంకా తమాషా ఏమిటంటే, గుజరాత్‌లోని హలోల్‌లో ఒకప్పుడు షెవర్లేలు తయారైన ఫ్యాక్టరీలోనే ఇప్పుడు ఎంజీలు తయారవుతున్నాయి. ఫోర్డ్ వదిలేసిన సనంద్ ఫ్యాక్టరీ టాటా వాళ్లది, జనరల్ మోటార్స్ తలేగావ్ ఫ్యాక్టరీ హ్యుందాయ్ వాళ్లది. టయోటా గ్లాంజా బానెట్ ఎత్తితే కనిపించేది మీకు బాగా తెలిసిన బాలెనోనే.

లోగోల మార్పుని నేను పెద్దగా పట్టించుకోను. కియా 2021లో అక్షరాలు కలిపి రాసేసరికి, అదేదో కేఎన్ అనే కొత్త కంపెనీ అనుకుని జనం గూగుల్‌లో వెతికారు. పెనుకొండ ఫ్యాక్టరీ నుంచి వచ్చే బండి మాత్రం మారలేదు. మహీంద్రా వాళ్లయితే బీఈ 6ఈ అని పేరుపెట్టి, 6ఈ తమదేనని ఇండిగో విమానాలవాళ్లు కోర్టుకెక్కడంతో 'ఈ' తీసేసి బీఈ 6 అన్నారు. బండికి ఏం నష్టం? జాగ్వార్ కథ వేరు. 2024 నవంబరులో లోగోతోపాటు వ్యాపారమంతా మార్చుకుంది, పాత మోడళ్లు ఆపేసి ఎలక్ట్రిక్ మీదే పందెం కాసింది. దాని యజమాని మన టాటాయే. ఆ టాటా మోటార్స్ కూడా 2025 అక్టోబరులో రెండైంది: కార్లది ఒకటి, ట్రక్కులది ఒకటి. మొదటి ప్రశ్న అడిగిన గుంటూరు ట్రక్కు ఆయన, మీరు ఇద్దరూ టాటాయే కొన్నా కంపెనీలు వేరన్నమాట.

నేను భయపడేది సర్వర్ గురించి, అంటే కారు యాప్‌ని, అప్‌డేట్లని నడిపించే కంపెనీ కంప్యూటర్ గురించి. ఫోర్డ్ 2021లో ఇక్కడ తయారీ ఆపేస్తున్నామని చెప్పినా, ఇప్పటికీ ఆటోనగర్‌లో ఎవరో ఒక మెకానిక్ ఫిగోని బాగుచేస్తూనే ఉంటాడు. ఎలక్ట్రిక్ కారుకి అంత ధీమా లేదు. అమెరికాలో ఫిస్కర్ అనే కంపెనీ అలాస్కా పేరుతో ఎలక్ట్రిక్ పికప్ కూడా తెస్తామని ఊరించి, 2024 జూన్‌లో దివాలా తీసింది. దాని ఓషన్ కారు కొన్నవాళ్లకు అప్‌డేట్లు, యాప్, విడిభాగాలు అన్నీ ఒకేసారి ప్రశ్నార్థకమయ్యాయి. చివరికి ఓనర్లే సంఘంగా ఏర్పడి సాఫ్ట్‌వేర్ సంగతి చూసుకోవాల్సి వచ్చింది. ఎలక్ట్రిక్ పికప్‌తోనే పుట్టిన లార్డ్స్‌టౌన్ అనే ఇంకో అమెరికా కంపెనీ అంతకు ఏడాది ముందే మునిగింది.

కాబట్టి షోరూములో నాలుగు సంగతులు నిలదీయండి. బ్యాటరీ వారంటీ కాగితం మీద సంతకం డీలరుదా, కంపెనీదా? బ్యాటరీ ప్యాక్ విప్పగలిగిన వర్క్‌షాపు విజయవాడలోనే ఉందా, హైదరాబాదు పంపాలా? యాప్‌కి మొదటి కొన్నేళ్ల తర్వాత చందా ఎంత? నెట్ సిగ్నల్ లేకపోయినా కారు తలుపు తెరుచుకుని, స్టార్టయి, ఛార్జింగు అవుతుందా? ఈ నాలుగోది అక్కడే ఫోన్‌లో డేటా ఆపేసి చూపించమనండి. సేల్స్ కుర్రాడు తడబడితే ఇంకో షోరూముకి పదండి. మారుతీ మీదే మనసుంటే ఈ-విటారా ఉంది, 2025 ఆగస్టు నుంచి గుజరాత్‌లో తయారవుతోంది. కొత్త పెళ్లికూతురి కోసం ఇల్లు మారాల్సిన పనిలేదు.

ప్రశ్న: మాకు దుగ్గిరాల దగ్గర పసుపు, అరటి తోటలున్నాయి. డబుల్ క్యాబ్ (రెండు వరసల సీట్ల) పికప్ ఎలక్ట్రిక్‌లో ఎప్పుడొస్తుంది? ఆగమంటారా?
తెనాలి నుంచి ఒక రైతు

జవాబు: ఆగొద్దు. ఇసుజు వాళ్లకు మన శ్రీసిటీలోనే 2016 నుంచి ఫ్యాక్టరీ ఉంది. తమ డీ-మ్యాక్స్ పికప్‌లో ఎలక్ట్రిక్‌దాన్ని 2025 జనవరిలో ఢిల్లీ ఎక్స్‌పోలో చూపించారు కూడా. 66.9 యూనిట్ల బ్యాటరీ, టన్ను సరుకు మోసే సత్తా, యూరప్ లెక్కలో 263 కిలోమీటర్లు. చూపించడం వేరు, అమ్మడం వేరు.

మీలాంటి వాళ్లకు ఎక్కువ పనికొచ్చేది ఇంకో దారి అని నా ఊహ. ఫోర్డ్ ఇప్పుడు ఆ దారే పట్టింది, రామ్ అనే ఇంకో అమెరికా పికప్ కంపెనీ కూడా పూర్తి ఎలక్ట్రిక్ పికప్‌ను వదులుకుని అటే తిరిగింది. బండిలో ఓ మోస్తరు బ్యాటరీ, దానితోపాటు ఓ పెట్రోలు ఇంజిను ఉంటాయి. చక్రాలను తిప్పేది ఎప్పుడూ మోటారే. ఇంజిను ఫంక్షన్ హాలు వెనక జనరేటరులాగా కరెంటు ఇవ్వడం వరకే. 1980లో ఆగిపోయిన స్కౌట్ అనే పాత పేరుని ఫోక్స్‌వ్యాగన్ మళ్లీ బతికించి, 2024 అక్టోబరులో టెర్రా అనే పికప్ చూపించింది. ముందస్తుగా పేరు రాయించుకున్నవాళ్లలో ఎక్కువమంది అడిగింది జనరేటర్ ఉన్నదే. అలాంటిది మన తోటలకు వచ్చేదాకా డీజిల్ పికప్పే మేలు. పాత ఇసుజు వీ-క్రాస్ మంచిది దొరికితే అదీ చూడండి.

ప్రశ్న: సెకండ్ హ్యాండ్ ఎలక్ట్రిక్ కారు కొన్నాను. ఏసీ దానంతటదే ఆన్ అవుతోంది. దెయ్యమా?
మంగళగిరి పాఠకురాలు

జవాబు: దెయ్యం కాదమ్మా, పాత ఓనరు. కారు ఇంకా ఆయన ఫోన్ యాప్‌లోనే ఉంది. ఆయనకి మీ కారు ఎక్కడుందో కూడా కనపడుతుంటుంది. ముందు ఆయన్ని యాప్‌లోంచి కారుని తీసెయ్యమనండి. తర్వాత కారు స్క్రీన్ సెట్టింగ్స్‌లో ఫ్యాక్టరీ రీసెట్ చేసి, ఆర్సీ మీ పేరుకి మారిన కాపీతో సర్వీస్ సెంటరుకి వెళ్లి మీ నంబరు ఎక్కించుకోండి. ఆయన ఫోన్ ఎత్తకపోతే, ఆర్సీ చూపిస్తే సర్వీస్ సెంటరు వాళ్లే ఆ పాత ఖాతా తీయించగలరు. ఆ పనిలోనే బ్యాటరీ ఆరోగ్యం ఎంత శాతం ఉందో రిపోర్టు కూడా అడిగి తీసుకోండి.