నాన్నగారి స్కార్పియోకి ధర కట్టేదెలా?

ప్రశ్న: మా నాన్నగారు ఏడు నెలల క్రితం కాలం చేశారు. ఆయన వాడిన 2014 మోడల్ స్కార్పియో ఎస్10 డీజిల్ బండి ఇంటి ముందే ఉంది. 1,18,000 కిలోమీటర్లు తిరిగింది. ఆర్సీ ఇంకా నాన్నగారి పేరు మీదే ఉంది, వీలునామా లేదు. ఇంట్లో అమ్మ, నానమ్మ ఉంటారు. అన్నయ్య డల్లాస్‌లో, నేను విజయవాడలో ఉంటాం. ఇక్కడి కార్ల కన్సల్టెన్సీ వాళ్లు 3.80 లక్షలు ఇస్తామంటున్నారు. మా మేనత్త కొడుకు 3.50 లక్షలకు తనకే ఇమ్మంటున్నాడు, నానమ్మ కూడా అదే అంటోంది. పన్నెండున్నర లక్షలు పెట్టి కొన్న బండి, ఏడు లక్షలకు తక్కువైతే అమ్మొద్దని అన్నయ్య పట్టు. ఎవరి మాట వినాలో తెలియక రోజూ టెన్షన్‌గా ఉంది. న్యాయమైన ధర ఎంత?
- ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: మీరు పంపిన ఫొటోలన్నీ చూశానమ్మా. డ్యాష్‌బోర్డు అరలో దొరికిందని చెప్పిన చిన్న నోటు పుస్తకం ఫొటో దగ్గర చాలాసేపు ఆగిపోయాను. తేదీ, మీటరు రీడింగు, ఎన్ని లీటర్లు, ఎంత డబ్బు... బండి కొన్న దగ్గర్నుంచి పోయించిన ప్రతి డీజిల్‌కీ లెక్క, అంతా ఒకే చేతిరాత. దాని సంగతి తర్వాత చెబుతాను.

ధర కంటే ముందు తేల్చాల్సింది ఇన్సూరెన్సు. పాలసీదారు చనిపోతే మోటారు పాలసీ వెంటనే రద్దు కాదు. చనిపోయిన రోజు నుంచి మూడు నెలలు, లేదా పాలసీ గడువు ముగిసే రోజు, ఏది ముందొస్తే అంతవరకే చెల్లుతుంది. ఈలోగా వారసుల పేరుకు మార్పించుకోవాలి. మీకు ఏడు నెలలైపోయింది. అంటే నాన్నగారి పేరు మీదున్న ఆ కాగితాన్ని నమ్ముకుని బండి రోడ్డెక్కించకూడదు. కొనేవాళ్లొచ్చి 'ఒక్క రౌండు కొట్టి చూస్తాం' అంటే తాళం చెవి ఇస్తారు కదా, ఆ రౌండులో ఎవరికైనా తగిలితే నష్టపరిహారం మొత్తం మీ కుటుంబం మీద పడే ప్రమాదం ఉంది. కాబట్టి రేపే ఇన్సూరెన్సు ఆఫీసుకు మరణ ధ్రువీకరణ పత్రం తీసుకెళ్లి మాట్లాడండి. అప్పటిదాకా బండిని గేటు దాటించకండి.

ఇక ధర. మీ ఇంట్లో వినిపిస్తున్న అంకెల్లో ఏదీ అబద్ధం కాదు, కానీ ఏదీ బండి ధరా కాదు. అన్నయ్యగారి ఏడు లక్షలు నాన్నగారు పెట్టిన డబ్బును తలచుకుని చెప్పినది. దూరాన ఉన్న కొడుక్కి ఆ బండి అంటే నాన్నే, అది అర్థం చేసుకోండి. కన్సల్టెన్సీ వాళ్ల 3.80 వాళ్లు తిరిగి అమ్ముకోవడానికి వీలైన ధర. మీ బావ చెప్పిన 3.50 చుట్టరికాన్ని కలుపుకుని అడిగినది. వీటికి తోడు పాలసీలో రాసిన ఐడీవీని (బండి పూర్తిగా పోతే ఇన్సూరెన్సు కంపెనీ ఇచ్చే మొత్తం) పట్టుకుని 'ఇదే అసలు ధర' అనేవాళ్లూ ఉంటారు. ఐడీవీ కోసం కొత్త బండి ధరలోంచి తరుగు తీయడానికి పట్టిక ఉంది: నాలుగైదేళ్ల మధ్య 50 శాతం. ఐదేళ్లు దాటాక పట్టికే లేదు, కంపెనీ, మీరు మాట్లాడుకుని రాసుకునే అంకె అది. ఆడిటర్ల లెక్క ఇంకా దూరం. ఏటా 15 శాతం చొప్పున పదకొండేళ్లు తరుగు తీస్తే పన్నెండున్నర లక్షల బండి రెండు లక్షల పదివేల దగ్గరకొస్తుంది. మన ఊళ్లలో స్కార్పియోని ఆ ధరకు ఎవరూ ఇవ్వరు. పల్లె రోడ్ల మీద నడుస్తుంది, ఏ మెకానిక్ అయినా చేయి పెడతాడు, స్పేర్లు దొరుకుతాయి. అందుకే దీనికి గిరాకీ తగ్గదు.

మరి ధర ఎక్కడ దొరుకుతుంది? ఈ నెలలో, మీ చుట్టుపక్కల, ఇలాంటి బండికి జనం నిజంగా ఎంత ఇస్తున్నారో అక్కడ. మీరు ఓపిగ్గా ఎనిమిది ప్రకటనలు సేకరించి పంపడం నాకు చాలా నచ్చింది. అన్నీ 2014, 2015 మోడళ్లే, డీజిల్ ఎస్10లే, విజయవాడ, గుంటూరు, ఏలూరు వైపువే. అడుగుతున్న ధరలు 4.75, 5.10, 5.25, 5.40, 5.50, 5.60, 5.75, 6.90 లక్షలు. ఇలాంటప్పుడు సగటు తీయకండి. ఆ 6.90 బండి ఒక్కటే లెక్కను పైకి లాగేస్తుంది. వరసలో నడిమికి రండి: 5.40కి, 5.50కి మధ్య, అంటే 5.45 లక్షలు.

ఇది అడిగే ధర. తెగే ధర వేరు. వాళ్లలో నలుగురికి మీరు ఫోన్ చేస్తే బండి చూడకముందే ముప్పై, నలభై వేలు తగ్గారని రాశారు. నలభై తీసేద్దాం. 5.05 లక్షలు.

ఇప్పుడు మీ బండి దగ్గరకు వెళ్దాం. టైరు పక్కన కూర్చుని చూస్తే అంచు మీద కోడిగుడ్డు ఆకారపు గడిలో నాలుగు అంకెలు ఉంటాయి. మీ ఫొటోలో '3519' అని ఉంది. అంటే 2019లో 35వ వారంలో తయారైంది. గీతలు లోతుగానే కనిపిస్తున్నా, అంత పాత రబ్బరును తెలిసినవాడెవడూ లెక్కలోకి తీసుకోడు. నాలుగు టైర్లకు షాపులో 42,000 చెప్పారన్నారు. మొత్తం తగ్గించనక్కర్లేదు, ఎందుకంటే మీరు పోల్చి చూసిన ఆ ఎనిమిది బండ్లకూ కొత్త టైర్లేమీ లేవు. సగం, ఓ ఇరవై వేలు తీయండి. క్లచ్ బరువుగా ఉందని మెకానిక్ 18,000 ఎస్టిమేట్ ఇచ్చాడు. అది పూర్తిగా తీయాలి. ఎడమ తలుపు మీది గీతకు ఏమీ తీయొద్దు. పదేళ్ల బండికి ఒంటి మీద మచ్చ లేదంటేనే, ఎక్కడ గుద్దించి రంగేయించారోనని కొనేవాళ్లకు అనుమానం.

5.05లోంచి ఆ 38 వేలు పోతే 4.67 లక్షలు. ఇటు అటు కాస్త చోటు పెట్టుకుంటే మీ బండి ధర 4.55 నుంచి 4.80 లక్షల మధ్య. ప్రకటనలో 5.10 రాయండి. 4.55కి కిందకు మాత్రం దిగొద్దు.

అమ్మే ముందు పైపై మెరుగులకు డబ్బు పెట్టకండి. బాడీ మొత్తం రంగు వేయిస్తే ఆ ఖర్చు తిరిగి రాదు. లోపలా బయటా శుభ్రంగా కడిగించండి, ఇన్ని నెలలు కదలని బండి కాబట్టి బ్యాటరీ చూపించండి, గాలి పెట్టించండి. క్లచ్ కూడా మార్పించొద్దు. ఎస్టిమేట్ కాగితం బేరంలో ముందే చూపించి 'ఇది తీసేసే చెబుతున్నాం' అనండి. దాచి అమ్మితే ఆ ఒక్క క్లచ్ పేరు చెప్పి యాభై వేలు కోస్తారు.

ఇంకో మాట కూడా అంటారు: 'డీజిల్ బండికి పదేళ్లే లైఫు, మీది దాటిపోయింది.' అది ఢిల్లీ, దాని చుట్టుపక్కల ప్రాంతానికి కోర్టుల ఆదేశాలతో వచ్చిన నిబంధన. మనకు వర్తించదు. మీ ఆర్సీలో 2029 సెప్టెంబర్ వరకు గడువు ఉంది. ఆ తర్వాత కూడా ఫిట్‌నెస్ పాసైతే ఐదేళ్లకు రెన్యువల్ చేయించుకోవచ్చు, రుసుములు, గ్రీన్ ట్యాక్స్ కట్టాలి. అయితే గడువు దగ్గరపడేకొద్దీ ధర జారుతుంది. ఇంకో ఏడాది ఆగితే అన్నయ్యగారి ఏడు లక్షలు ఇంకా దూరం జరుగుతాయి తప్ప దగ్గరకు రావు. ఈ మాట ఆయనకు ఆ ఎనిమిది ప్రకటనల లింకులతో కలిపి పంపండి. మీ నోటి మాటగా చెబితే గొడవ అవుతుంది, లెక్కగా చూపిస్తే ఆలోచిస్తారు.

నేను కట్టిన ధరంతా ఒక షరతు మీద నిలబడింది: కాగితాలు సరిగ్గా ఉండాలి. చనిపోయినవారి పేరు మీదున్న ఆర్సీతో నేరుగా అమ్మకం కుదరదు. ముందు వారసుల్లో ఒకరి పేరుకు మారాలి. అమ్మ పేరు మీదకైతే సులువు. చట్టం ప్రకారం యజమాని చనిపోయిన 30 రోజుల్లో ఆర్టీఏ ఆఫీసుకు తెలియజేయాలి, మూడు నెలల్లో ఫారం 31తో దరఖాస్తు చేయాలి. మీకు గడువు దాటింది, కొంత అపరాధ రుసుము పడొచ్చు, పని మాత్రం ఆగదు. మరణ ధ్రువీకరణ పత్రం, తహసీల్దారు ఇచ్చే ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్, ఆర్సీ, చెల్లుబాటయ్యే ఇన్సూరెన్సు, మిగతా వారసుల నిరభ్యంతర పత్రం కావాలి. అన్నయ్యగారి సంతకం అక్కడ నోటరీతో సరిపోతుందా, కాన్సులేట్ ముద్ర కావాలా అన్నది ముందే ఆర్టీఏలో అడిగి ఆయనకు చెప్పండి. రెండుసార్లు తిరిగే పని తప్పుతుంది.

ఆర్సీ ఫొటోలో ఇంకోటి గమనించాను. లోన్ ఇచ్చిన బ్యాంకు పేరు ఇంకా అలాగే ఉంది. నాన్నగారు 2018లోనే వాయిదాలు తీర్చేశారన్నారు. తీర్చడం ఒకటి, ఆర్సీలోంచి ఆ పేరు కొట్టేయించడం ఇంకొకటి. బ్యాంకు నుంచి నిరభ్యంతర పత్రం, ఫారం 35 తీసుకుని ఈ పని కూడా చేయించండి. కొనేవాడు ఆ పేరు చూస్తే వెనక్కైనా తగ్గుతాడు, ధరైనా తగ్గిస్తాడు.

ఈ లెక్కల తర్వాత కన్సల్టెన్సీ వాళ్ల మీద కోపం తగ్గించుకోండి. వాళ్లు క్లచ్ వేయించాలి, అమ్ముడుపోయేదాకా డబ్బు ఇరికించుకోవాలి, లాభం మీద 18 శాతం జీఎస్టీ కట్టాలి. కాగితాలన్నీ సిద్ధమయ్యాక మళ్లీ అడిగితే 4.15 దాకా రావచ్చని నా అంచనా. అమ్మకు, నానమ్మకు ఇంటికి వచ్చేపోయే కొత్త మనుషులతో బేరాలు ఇబ్బంది అనిపిస్తే ఆ ధరకు ఇచ్చేయడంలోనూ తప్పు లేదు.

ఇక మీ బావ సంగతి. హిందూ వారసత్వ చట్టం కింద, వీలునామా లేనప్పుడు, భార్య, పిల్లలతో పాటు చనిపోయిన వ్యక్తి తల్లికీ సమాన వాటా ఉంటుంది. అంటే ఈ బండిలో నానమ్మకు నాలుగో వంతు ఉంది. చాలా ఇళ్లలో ఈ విషయం ఎవరికీ తట్టదు, కొడుకును పోగొట్టుకున్న పెద్దావిడను ఎవరూ అడగరు. 4.60 లక్షలకు అమ్మితే ఒక్కొక్కరికి 1,15,000. బావకు 3.50కి ఇస్తే 1,10,000 తక్కువ, అంటే తలా 27,500 వదులుకున్నట్టు. నానమ్మ తన కూతురి కొడుక్కి ఆ మేలు చేయాలనుకుంటే తన వాటాలోంచి మనసారా చేయొచ్చు. మీ అమ్మ వాటాలోంచి చేయాలంటే అమ్మను అడగాలి. 'ఇంట్లోవాళ్లమే కదా' అన్న మాట మీద అందరి వాటా ఒకేసారి కోసేయడం న్యాయం కాదు. నన్నడిగితే బావకు 4.55 చెప్పండి. ప్రకటనలు, బేరాలు తప్పుతాయి కాబట్టి ఆ తగ్గింపు అతనికి దక్కాల్సిందే. అంతకంటే తగ్గిస్తే అది బహుమతి అని నలుగురూ ఒప్పుకుని ఇవ్వండి. అలా చేస్తే రేపు పండక్కి కలిసినప్పుడు ఎవరి మనసులోనూ ముల్లు ఉండదు.

పన్ను గురించి భయం వద్దు. వారసత్వంగా వచ్చిన బండికి పన్ను లేదు. సొంత వాడకపు కారు అమ్మితే వచ్చే డబ్బుకూ మూలధన లాభం పన్ను ఉండదు. కానీ రెండు లక్షలు, అంతకు మించి నగదుగా తీసుకోవద్దు. విడతలుగా తీసుకున్నా ఒకే లావాదేవీ కింద లెక్కిస్తారు, తీసుకున్నంత సొమ్మూ జరిమానాగా పడొచ్చు. డబ్బంతా అమ్మ ఖాతాలోకి బ్యాంకు ద్వారానే రానివ్వండి.

బండి అప్పగించే రోజు ఎందుకంత జాగ్రత్తో నా అనుభవంతో చెబుతాను. మా నాన్న పోయినప్పుడు ఆయన జీపును తొందరపడి ఒక బ్రోకర్‌కి ఇచ్చేశాం. అడిగిన చోటల్లా ఖాళీ ఫారాల మీద సంతకాలు పెట్టాం. పద్నాలుగు నెలల తర్వాత వేరే జిల్లా పోలీస్ స్టేషన్ నుంచి మా అమ్మకు ఫోన్ వచ్చింది, 'మీ బండి యాక్సిడెంట్ చేసింది' అని. ఆర్సీ మారనే లేదు. ఆ రోజు అమ్మ చేతులు వణకడం నేను మర్చిపోలేదు. ఆర్సీలో ఎవరి పేరుంటే పరిహారానికి వాళ్లే బాధ్యులని 2018లో సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది, ఆ కేసులో బండి ఎన్నో చేతులు మారినా సరే. అందుకని బండిని కొనేవాళ్ల పేరుకు మార్చే ఫారం 29, 30 పూర్తిగా నింపాకే అమ్మ చేత సంతకం పెట్టించండి. కొనేవాళ్ల ఆధార్ కాపీ, తేదీతో పాటు అప్పగించిన గంట కూడా రాసిన ఒప్పంద పత్రం దగ్గర పెట్టుకోండి. వీలైతే కొంత డబ్బు ఆర్సీ మారేదాకా ఆపండి. పాత చలాన్లు కట్టేయండి, నాన్నగారి ఫాస్టాగ్ మూసేయించండి.

ఇప్పుడు ఆ నోటు పుస్తకం. మీటరు తిప్పేసిన బండ్లు ఎన్నో తిరిగే ఈ బజారులో, 1,18,000 నిజమని చెప్పడానికి దానికి మించిన సాక్ష్యం లేదు. మైలేజీ ఎంతిస్తోందో, ఏ నెలలో ఎంత తిరిగిందో అందులోనే ఉంది. కొనేవాళ్ల చేతికిచ్చి నాలుగు పేజీలు తిప్పనివ్వండి. మీరడిగే ధర మీద వాళ్లు చేసే బేరం అక్కడే సగం మెత్తబడుతుంది. కావాలంటే పేజీల ఫొటోలు ఇవ్వండి. పుస్తకం మాత్రం బండితో పంపకండి, అమ్మకు ఇచ్చేయండి.