కాగితపు రంగస్థలం నుంచి బాలే

ప్రశ్న: పిల్లల బొమ్మ థియేటర్ల స్ఫూర్తితో రూపొందిన బాలే ఏది?

జవాబు: రష్యన్ కళా నిర్వాహకుడు డయాగిలేవ్ నడిపిన ‘బాలే రూస్’ నృత్య బృందం 1926 డిసెంబరు 3న లండన్‌లోని లైసియం థియేటర్‌లో తొలిసారి ప్రదర్శించిన ‘ది ట్రయంఫ్ ఆఫ్ నెప్ట్యూన్’. 19వ శతాబ్దపు ఇంగ్లండులో నాటక పాత్రలనూ తెరలనూ అచ్చువేసిన కాగితాలను, రంగులు లేనివైతే ఒక పెన్నీకి, చేత్తో రంగులద్దినవైతే రెండు పెన్నీలకు అమ్మేవారు. పిల్లలు వాటిని కత్తిరించి, అట్టకు అంటించి, బల్లమీదే నాటకం ఆడించేవారు. ఇలాంటి కాగితాలు అమ్మిన పొలాక్, వెబ్ దుకాణాల బొమ్మల ఆధారంగానే ఈ బాలేకు రంగాలంకరణ చేశారు. కథ సచెవరెల్ సిట్వెల్, సంగీతం లార్డ్ బెర్నర్స్, నృత్యరచన బాలన్‌చిన్. నావికుడు టామ్ టగ్ దేవకన్యల లోకానికి చేసే ప్రయాణమే ఇతివృత్తం కనుక, బిగువైన కథకన్నా వరుసగా మారే దృశ్యాల వింతే ఇందులో ప్రధానమని చెప్పాలి.